బోణీ పరీక్ష

హస్తలేఖ పలకకి అప్పటికి నూటికి తొంభై ఆరు మార్కులు వచ్చాయి. వేసింది వీరవేణే. పళ్లు నూరుకుంటూనే వేసింది గానీ ఒక్క మార్కు కూడా తగ్గించలేదు. దొంగ మార్కులతో ఓడించడమే కావాలనుకుంటే మొదటిరోజే ఏదో ఒక తీగ పీకేసి చేతులు దులుపుకునేది. ఆమెకి కావలసింది అది కాదు. ఆ యంత్రం తన బలంతోనే బోర్లా పడాలి. దాన్ని తయారుచేసిన మనిషి అది కళ్లారా చూడాలి. పదకొండేళ్లుగా ఆమె కడుపులో పెట్టుకున్న కోరిక అదొక్కటే.

రాజమండ్రిలో గోదావరి గట్టుకి రెండు వీధుల ఇవతల, మూతపడిన సినిమా హాలొకటి ఉండేది. చిరు వ్యాపారుల సమాఖ్య దాన్ని కొని పరీక్షాశాలగా మార్చింది. కుర్చీలు పీకేసి, లోపల నలభై కొట్లతో నమూనా బజారు కట్టారు. పేరుకే నమూనా. అందులో కూర్చునేవాళ్లు నిజం వ్యాపారులే, వంతులవారీగా వచ్చి నిజం సరుకే అమ్ముకునేవాళ్లు. మూడేళ్లకోసారి డబ్బు చెల్లింపుల కంపెనీలు తమ యంత్రాలు పట్టుకొచ్చి అక్కడ పెట్టాలి. నెగ్గిన యంత్రం కోస్తా జిల్లాల్లో ప్రతి కిళ్లీకొట్టుకీ, ప్రతి టిఫిన్ బండికీ వెళుతుంది. నెగ్గనిది మూటాముల్లె సర్దుకుంటుంది. నోట్లన్నవి పెళ్లి చదివింపులకే మిగిలిన కాలం కనక, ఆ నెగ్గడం మాటలు కాదు. దాన్ని తేల్చే ప్రధాన పరీక్షకురాలు వీరవేణి.

ఆ ఏడాది మూడు కంపెనీలు వచ్చాయి. ఝటితి వాళ్ల యంత్రం మొహం చూసి డబ్బు తీసుకుంటుంది. ఎండుమిరపకాయల కొట్లో ఘాటుకి అందరూ ముక్కుకి గుడ్డ కట్టుకునేసరికి ఎవరెవరో తెలియక రెండోరోజుకే చతికిలబడింది. తక్షణ్ వాళ్లది గొంతు గుర్తుపడుతుంది. కూరగాయల వరసలో ఆ అరుపుల మధ్య, వంకాయలు కొన్నవాడి డబ్బు దోసకాయలు కొన్నవాడి దగ్గర వసూలు చేసి తన్నులాట పెట్టింది. మిగిలింది హస్తలేఖ. ఇప్పటికే బజార్లలో ఉన్నదీ అదే, మళ్లీ నెగ్గితేనే నిలుస్తుంది.

అది రెండు అరచేతులు పట్టేంత నల్లటి పలక. ప్రతి మనిషి చేతిలోనూ కంటికి కనపడని వణుకొకటి ఉంటుంది. నాడి కొట్టుకోవడానికీ నరం లాగడానికీ మధ్య పుట్టే సన్నటి కదలిక అది. ఒకరిది ఇంకొకరికి రాదు, నేర్చుకుందామన్నా పట్టుబడదు. పలక మీద చెయ్యి ఆనిస్తే ఆ వణుకు చదివి, ఎవరి చెయ్యో చెబుతుంది. మనసారా ఇస్తున్నారో, ఎవరైనా మెడలు వంచితే ఇస్తున్నారో కూడా చెబుతుంది.

వీరవేణి దాన్ని పెట్టని అగచాట్లు లేవు. చేపలమ్మే గంగాభవాని చేత పొలుసులంటిన తడిచెయ్యి పెట్టించింది. గోరింటాకు చెయ్యి, బెల్లప్పాకం చెయ్యి, సున్నం చెయ్యి, జ్వరంతో కాలిపోతున్న చెయ్యి పెట్టించింది. కరెంటు తీసేసింది. చివరికి ఓ ముసలాయన చేతిని అతని కొడుకు చేత పట్టించి బలవంతాన పలక మీద అదిమించింది. డబ్బు కదలలేదు. పలక ఎర్రగా వెలిగి, "ఈ చెయ్యి ఇష్టపడి ఇవ్వడం లేదు" అంది. ఉప పరీక్షకుడు ఖాదర్ వలీ మాస్టారు ఉండబట్టలేక చప్పట్లు కొట్టారు. ఆయన ముప్పై ఏళ్లు బడిలో భౌతికశాస్త్రం చెప్పి వచ్చిన మనిషి. మంచి పనితనం ఎక్కడ కనపడినా ఆయనకి కళ్లు చెమరుస్తాయి.

"నిజం ఒప్పుకోవాలి వేణమ్మా. ఇది మంచి యంత్రం" అన్నారు.

"మంచిదే మాస్టారూ. ఇంకొక్క పరీక్ష ఉంది" అంది వీరవేణి.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి తల్లి అమ్మాజీ దొండకాయ వేపుడు చేసి పెట్టింది. కంచం కూతురి చేతికివ్వలేదు. నేల మీద పెట్టి పక్కకి జరిగింది. అందరిళ్లలోనూ ఉప్పొక్కటే చేతికివ్వరు. ఈ ఇంట్లో అమ్మాజీ ఏదీ ఎవరి చేతికీ ఇవ్వదు. మంచినీళ్లయినా, తువ్వాలయినా, తాళంచెవయినా కిందో బల్ల మీదో పెడుతుంది, కావలసినవాళ్లు తీసుకోవాలి. పని లేనప్పుడల్లా ఆవిడ కుడిచెయ్యి కొంగు కిందకి వెళ్లిపోతుంది. పదకొండేళ్లుగా చూస్తున్నా వీరవేణికి అలవాటు కాలేదు. చూసిన ప్రతిసారీ ఒళ్లు మండిపోయేది.

ఒకప్పుడు, రాజమండ్రి రాకముందు, అది పాలకొల్లు బజారంతటికీ కావలసిన చెయ్యి. అమ్మాజీ గాజులమ్మేది. ఆడపిల్ల చెయ్యి పట్టుకుని బొటనవేలి కింద ఓసారి నొక్కితే చాలు, సైజు అడగకుండానే గాజులు తీసేది. ఆ పిల్లని మాటల్లో పెట్టి, చెయ్యి మెత్తబడేదాకా ఆగి, చిట్లకుండా ఎక్కించేది. పెళ్లికూతుళ్లకి ఆవిడే వెయ్యాలి. అంతకంటే ముఖ్యమైంది బోణీ. అమ్మాజీ చేత్తో బోణీ అయితే సాయంత్రానికి సరుకు ఖాళీ అని బజారులో గట్టి నమ్మకం. అందుకని పొద్దున్నే తన కొట్టు తెరవకముందే నలభై కొట్లు తిరిగేది. ఒకచోట దారపుండ, ఒకచోట కర్పూరం, ఒకచోట గుప్పెడు జీలకర్ర, ఏదో ఒకటి కొనేది. కొట్టువాళ్లు ఆ డబ్బు కళ్లకద్దుకునేవాళ్లు. సాయంత్రం అదే డబ్బు తమలపాకులో పెట్టి ఆవిడకి తిరిగి పంపేసేవాళ్లు. బోణీ చేసిన మంచి చెయ్యి డబ్బు రాత్రికి తమ దగ్గర ఉంచేసుకుంటే అచ్చిరాదని వాళ్ల నమ్మకం.

అలాంటి బజారుకి ఓ రోజు ఇవటూరి శశిభూషణ్ అనే కుర్ర శాస్త్రవేత్త నల్లటి పలక పట్టుకుని వచ్చాడు. ఎవరూ దాని మీద చెయ్యి పెట్టలేదు. చేతిలో ఉన్నదంతా లాగేసుకుంటుందేమోనని భయం. అమ్మాజీకే అతన్ని చూసి జాలేసింది. "రండి బాబూ, మీ యంత్రానికి నేను బోణీ చేస్తాను. మీ ఆవిడకి గాజులు కొనుక్కోండి" అంది. అతను డజను ఆకుపచ్చ గాజులు కొన్నాడు. పలక మీద ఒక పక్క అతని చెయ్యి, ఒక పక్క ఆవిడ చెయ్యి. హస్తలేఖ పుట్టాక జరిగిన తొలిబేరం అదే. అమ్మాజీ పెట్టాక బజారంతా పెట్టింది. నెల తిరిగేసరికి బోణీలు కూడా పలక మీదకి వచ్చేశాయి. సాయంత్రం తమలపాకు వట్టిదే వచ్చేది, డబ్బు పలక మీద తిరిగొచ్చేది.

సరిగ్గా శ్రావణమాసం ముందు పలకలన్నీ ఎర్రబడ్డాయి. యంత్రానికి బోణీ ఏం తెలుసు? ఒకే చెయ్యి నలభై కొట్లలో రోజూ చిన్న చిన్న మొత్తాలిస్తోంది, సాయంత్రానికి ఆ డబ్బే వెనక్కి తీసుకుంటోంది. అది నేర్చుకున్న పాఠాల్లో అలా చేసేవాళ్లు ముఠావాళ్లొక్కళ్లే. అమ్మాజీ చేతికి తాళం వేసింది. ఆ చేతిని తాకిన నలభై కొట్ల డబ్బూ ఆపేసింది. పెళ్లిళ్ల కాలమంతా అలాగే గడిచిపోయింది. గ్రంధి కామరాజు ఇత్తడి కొట్టు మూతపడింది. "పాడుచెయ్యి" అన్న మాట మొదట ఆయన నోటినుంచే వచ్చింది. తర్వాత బజారంతా అంది. ఓ పెళ్లికూతురి తల్లి, గాజు ఎక్కించబోతున్న అమ్మాజీ చేతిని పక్కకి నెట్టి, "నువ్వొద్దులే, మీ అమ్మాయి చేత వేయించు" అంది. ఆ రోజు కొంగు కిందకి వెళ్లింది ఆ చెయ్యి.

కొట్లన్నీ కొత్త చేతుల పేర్ల మీదకి మారి ఎలాగో ఒడ్డున పడ్డాయి. అమ్మాజీ తాళం మాత్రం అలాగే ఉండిపోయింది. అప్పుడే చదువు ముగించిన వీరవేణి హైదరాబాదు వెళ్లి, హస్తలేఖ ఆఫీసు ముందుగదిలో మూడురోజులు కూర్చుంది. "మీ అర్జీ పరిశీలనలో ఉంది" అని గుమ్మం దగ్గర పిల్ల నవ్వుతూ చెప్పేది. మూడోరోజు శశిభూషణ్ తన పక్కనుంచే వెళుతుంటే లేచి నిలబడి విషయం చెప్పబోయింది. అతను ఆగకుండానే, "యంత్రం తప్పు చెయ్యదమ్మా" అని వెళ్లిపోయాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె ఇంటికొచ్చింది. ఆ మాట కోసమే పై చదువులు చదివి, సమాఖ్యలో చేరి, మెట్టు మెట్టుగా ప్రధాన పరీక్షకురాలి కుర్చీదాకా వచ్చింది. తను ఎవరి కూతురో అక్కడ ఎవరికీ చెప్పలేదు.

సమాఖ్యకి ఓ నియమం ఉంది. కంపెనీ తరఫున బాధ్యుడైన మనిషి స్వయంగా నమూనా బజారులో కొనుగోలుదారుగా తిరగాలి, అదీ ఉత్తుత్తి లెక్కల్లో కాక అసలు లైను మీద, తన సొంత చేత్తో. ఎంతకాలమన్నది పరీక్షకురాలి ఇష్టం. వీరవేణి వారం అని రాసింది.

శశిభూషణ్ ఎంచక్కా ఒప్పుకున్నాడు. నలభై దాటినా చలాకీగా, ఖరీదైన ఖద్దరు చొక్కాలో వచ్చాడు. వీరవేణిని గుర్తుపట్టలేదు. గుర్తుపట్టడానికి ఆ రోజు ఆమె మొహం చూస్తే కదా. కోట్ల చేతులు చదివినా తమ యంత్రం ఒక్కసారీ పొరబడలేదని, ముఠాలని పట్టడానికి ఒకప్పుడు నెలలు పట్టేదనీ ఇప్పుడు ఆరురోజులు చాలనీ చెప్పాడు. తాళం పడితే పరిశీలన అయ్యేదాకా లోపలివాళ్లెవరూ వేలు పెట్టలేరని, ఆఖరికి యజమాని చేతికి కూడా మినహాయింపు లేదని కాగితం మీద రాసిచ్చాడు. వీరవేణి దానికి పదికి పది మార్కులు వేసింది.

"మీ చెయ్యి మంచిదని అంటున్నారండి మా వ్యాపారులు. ఈ వారం మా బజారుకి మీరే బోణీ చెయ్యాలి" అంది.

అతను మురిసిపోయాడు. మర్నాటినుంచి పొద్దున్నే నలభై కొట్లూ తిరిగి ఒకచోట అగ్గిపెట్టె, ఒకచోట నిమ్మకాయ, ఒకచోట చారెడు మినుములు కొన్నాడు. సాయంత్రం ప్రతి కొట్టువాడూ వచ్చి తమలపాకు చేతిలో పెట్టి, పలక మీద డబ్బు తిరిగిచ్చేసి వెళ్లేవాడు. ఇదేమిటని అడిగితే, మా ఆచారమండి అంది వీరవేణి. భలే ఉందన్నాడు. కెమెరా మనిషిని పిలిపించి, తను ఆ తమలపాకులు కళ్లకద్దుకుంటూ ఉండగా ప్రకటన కోసం వీడియో కూడా తీయించుకున్నాడు. వీరవేణి గుంభనంగా నిలబడి చూసింది. అంత సంతోషం ఆమె ఎన్నేళ్లుగానో ఎరగదు.

నాలుగోరోజు, డబ్బు సాయంత్రానికి వెనక్కి రావడమూ, అది చూస్తూ ఆమె మొహం వెలగడమూ గమనించాక ఖాదర్ వలీ మాస్టారికి విషయం అర్థమైంది. మధ్యాహ్నం అన్నాలప్పుడు ఆమె ఎదురుగా కూర్చుని, క్యారేజీ విప్పకుండా పక్కకి జరిపారు. తర్వాత అడిగారు.

"ఇది పరీక్షా, పగా?"

"రెండూ మాస్టారూ. ఇది పరీక్ష కాదని మీరంటే చెప్పండి, ఇప్పుడే ఆపేస్తాను."

ఆయన ఆలోచించారు. బజార్లలో బోణీ చేతులుంటాయని ఆయనకీ తెలుసు. తెల్లారిలేస్తే జరిగే పనే అది. దాన్ని దొంగతనం కింద లెక్కేసే యంత్రాన్ని పల్లెపట్టుల్లోకి ఎలా పంపుతారు?

"పరీక్షే. కాదనలేను. కానీ నీ మొహం చూస్తేనే భయంగా ఉందమ్మా" అన్నారు.

ఆరోరోజు పదింటికి పలకలు ఎర్రబడ్డాయి. ముప్పై రెండో కొట్లో ఉన్నాడు శశిభూషణ్. మొదట నవ్వి, చెయ్యి తుడుచుకుని మళ్లీ పెట్టాడు. "ముఠా అనుమానం. ఈ చేతికి తాళం" అంది పలక. పక్క కొట్లో పెట్టాడు. ఆ పక్క కొట్లో పెట్టాడు. చివరికి బయటికొచ్చి, రోడ్డు మీద టీ బండి దగ్గర చెయ్యి పెట్టాడు.

"మీ చెయ్యి తీసుకోట్లేదండి. ఎర్రగా చూపిత్తంది. ఏటనుకోకండే" అని టీ బండాయన పోసిన గ్లాసు వెనక్కి తీసేసుకున్నాడు.

ఎదురు హోటల్లో కిటికీ పక్కన కూర్చుని పెసరట్టు తింటూ వీరవేణి అదంతా చూసింది. ఇంకో పెసరట్టు తెప్పించుకుని తీరిగ్గా తిన్నది. పదకొండేళ్ల తర్వాత తిండి రుచి తెలిసినట్టయింది.

మధ్యాహ్నానికి మిగతావి కూడా మొదలయ్యాయి. తాళం పడ్డ చెయ్యి ఇచ్చిన జీతాలన్నీ మచ్చపడ్డ డబ్బే. అతని కారు డ్రైవరు వచ్చి, "పాపకి మందులు కొనాలండి, నా చెయ్యి కూడా తీసుకోట్లేదు" అని బిక్కమొహం వేశాడు. వీరవేణికి పెసరట్టు రుచి ఆ క్షణంలోనే పోయింది. పరీక్ష వల్ల ఇరుక్కున్న పక్కవాళ్ల చేతులు విడిపించే అధికారం సమాఖ్యకుంది. ఆమె అక్కడే కూర్చుని డ్రైవరునీ, కంపెనీ ఉద్యోగులనీ, నలభై కొట్లవాళ్లనీ ఒక్కొక్కరినే విడిపించింది. మందులు తన చేత్తో కొనిచ్చింది. పరీక్షలో ఉన్న చేతిని విడిపించే అధికారం మాత్రం ఎవరికీ లేదు. ఉన్నా ఆమె విడిపించేది కాదు.

శశిభూషణ్ ఒంటికాలి మీద లేచాడు. వచ్చే సోమవారం దేశమంతటికీ హస్తలేఖ వేసే ఒప్పందం మీద తన చెయ్యి పడాలట. తొంభై రోజులు గడిస్తేగానీ తాళం మీద పునఃపరిశీలన రాదట. ఇది కుట్ర అన్నాడు.

"నేను వేసిన తాళం కాదండి. మీ యంత్రం తప్పు చెయ్యదు కదా?" అంది వీరవేణి.

అతని మొహంలో ఏదో కదిలింది గానీ ఎక్కడ విన్న మాటో అందలేదు. కాసేపటికి తనే ఇంకో దారి చెప్పాడు. తొలిబేరం పూచీ అని ఒకటుందట. తాళం పడ్డ చెయ్యి మొట్టమొదట ఎవరితో బేరం చేసిందో, ఆ మనిషి వచ్చి పక్కన చెయ్యి పెట్టి పూచీపడితే వెంటనే విడిపోతుందట. చాలామందికి అది తల్లో, వీధి చివర కొట్టువాడో అవుతారని తనే ముచ్చటపడి పెట్టాడట. అని చెబుతూ తన తొలిబేరం వెతికాడు. పలక చెప్పింది: "పాలకొల్లు, గాజుల అమ్మాజీ. ఈ చేతికి తాళం ఉంది. పూచీ చెల్లదు."

అతను తెల్లబోయాడు. ఆ తాళం సంగతేమిటో చూడాలని యజమాని హోదాలో పాత దస్తరం తెరిచాడు. వీరవేణి అతని భుజం మీదనుంచి చదివింది. పదకొండేళ్ల కిందటి పరిశీలకుడు రాసిన రెండు వాక్యాలున్నాయి: "ఇది మోసం కాదు, స్థానిక ఆచారం. విడుదల చేయవచ్చు." దాని కింద ఒక్క మాట ఉంది: "వద్దు." ఆ పక్కన శశిభూషణ్ చేతి గుర్తు. కింద తేదీ ఉంది. ఆమె హైదరాబాదు ముందుగదిలో కూర్చున్న రెండోరోజు.

ఇది ఆమెకి తెలియదు. ఇన్నేళ్లూ యంత్రం తెలివితక్కువతనమనీ, అతని పొగరనీ అనుకుంది. తెలిసే చేశాడని ఒక్కనాడూ అనుకోలేదు. ఆ తేదీ మళ్లీ చదివింది.

"ఎందుకు వద్దన్నారు?" అని అడిగింది.

అతను తల ఎత్తలేదు. "ఆ వారమే పెట్టుబడిదారులు వచ్చారు. ఒక్క పొరపాటు కూడా లేదని చెప్పాం. విడిపిస్తే ఆ ఒక్కటీ లెక్కలోకి వచ్చేస్తుంది. ఒక్కటే కదా అనుకున్నాను."

"ఆ ఒక్కటీ మా అమ్మ" అంది వీరవేణి.

అప్పుడు చూశాడు ఆమె మొహం, మొదటిసారిగా. ఆమె అతనికి కుర్చీ వేసి, మంచినీళ్లు తెప్పించి, వివరంగా చెప్పింది. తొంభై రోజులు ఆగచ్చు. లేదా, అమ్మ చేతి పరిశీలన ఎప్పుడో అయిపోయింది కనక, ఆ "వద్దు" కొట్టేసి "సరే" అనచ్చు. అలా అంటే అమ్మ తాళం విడిపోతుంది, అతను పెట్టిన నియమం ప్రకారమే ఆ తాళం వల్ల నష్టపోయిన కొట్లన్నింటిలోనూ పలకలు పైకి చెబుతాయి. ఆ తర్వాత అమ్మ దగ్గరికి వెళ్లి పూచీ అడగచ్చు. అతను చివరికి "సరే" మీద వేలు పెట్టాడు.

మర్నాడు తొమ్మిదింటికి, పాలకొల్లు బజారులో కొట్లు తెరుస్తూనే, నలభై పలకలూ ఒక్కసారి మాట్లాడాయి. "గాజుల అమ్మాజీ గారి చెయ్యి ఏ తప్పూ చేయలేదు. తప్పు హస్తలేఖది." ఇత్తడి పోయి ప్లాస్టిక్ బకెట్లమ్ముకుంటున్న గ్రంధి కామరాజు ఫోను చేశాడు.

"పలక చెప్పిందమ్మా అమ్మాజీ. మా నోళ్లు పడిపోను. నువ్వొచ్చి మళ్లీ బోణీ చేత్తేగానీ కొట్టు తియ్యం అంటన్నారమ్మా అందరూ."

అమ్మాజీ విన్నది. "అలాగేనండి అన్నయ్యగారూ" అని మాత్రం అని, ఫోను మంచం మీద పెట్టేసింది. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. వీరవేణి జరిగిందంతా చెప్పింది, ఆ "వద్దు" సంగతితో సహా. స్టవ్ మీద పాలు పొంగితే అమ్మాజీ వెళ్లి కట్టేసింది.

పదింటికి శశిభూషణ్ వచ్చాడు. ఏ ఆటోవాడూ అతని చెయ్యి తీసుకోలేదు కనక ఖాదర్ వలీ మాస్టారు తన స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని తీసుకొచ్చారు. చంకలో పలక ఉంది. నిన్నటి చొక్కాయే నలిగి ఉంది. వీరవేణి గోడకానుకుని నిలబడింది. తల్లి మెత్తని మనిషని ఆమెకి తెలుసు. నిమిషంలో కరిగిపోయి, చెయ్యి పెట్టేసి, చల్లగా ఉండు బాబూ అని దీవించి పంపేస్తుందని భయం. వద్దని చెప్పడానికి నోటిదాకా వచ్చింది. కానీ చెయ్యి తల్లిది. ఆవిడ చెయ్యి మీద ఇప్పటికే ఒకడు నిర్ణయం చేశాడు. ఇంకొకరు చెయ్యకూడదని ఊరుకుంది.

అమ్మాజీ అతన్ని కూర్చోమంది. తేరిపార చూసి గుర్తుపట్టింది.

"ఆ ఆకుపచ్చ గాజులు మీ ఆవిడకి సరిపోయినియ్యా బాబూ? చెయ్యి చూడకుండా ఇచ్చేను. ఎక్కేయో లేదోనని చాన్నాళ్లు అనుకున్నాను."

అతను సరిపోయాయని అనబోయాడు. ఎందుకో అబద్ధం రాలేదు. "ఆవిడకి ఇవ్వలేదమ్మా. పరీక్ష కోసం కొన్నాను. హోటల్లోనే మర్చిపోయాను" అన్నాడు.

"అలాగా" అంది అమ్మాజీ.

అతను పలక నేల మీద పెట్టి, గొంతుక్కూర్చుని, ఒక పక్క తన చెయ్యి ఆనించాడు. క్షమించమన్నాడు. రెండోపక్క ఖాళీగా ఉంది. ఆవిడ చెయ్యి పెడితే చాలు.

అమ్మాజీ కుడిచెయ్యి కొంగు కిందనుంచి బయటికొచ్చింది. ఆ చెయ్యి పలక మీదుగా సాగి, వెనకనున్న మంచినీళ్ల బిందె దగ్గరికి వెళ్లింది. గ్లాసు ముంచి, తడి తుడిచి, అతని ముందు నేల మీద పెట్టింది. తర్వాత మళ్లీ కొంగు కిందకి వెళ్లిపోయింది.

"నేనెవరికీ చేత్తో ఇవ్వను బాబూ. పదకొండేళ్లయింది, అలవాటు తప్పిపోయింది. మీకు తొంభై రోజులే కదా, ఓపిక పట్టండి. మంచినీళ్లు తాగెళ్లండి."

గొంతులో కోపం ఏ కోశానా లేదు. అందుకే అతనికి బతిమాలడానికి సందు దొరకలేదు. గ్లాసు వైపు చూశాడు గానీ తీసుకోలేదు. పలక చంకలో పెట్టుకుని లేచాడు. మాస్టారు కూడా వెంట వెళ్లారు. స్కూటరు చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా వినపడింది.

వీరవేణి బల్ల దగ్గర కూర్చుని నివేదికలో చివరి గడి నింపింది. బోణీ పరీక్ష: సున్నా. తప్పు జరిగితే వినే మనిషి ఉండేదాకా ఈ యంత్రం బజారుకి వద్దు. ఆ "వద్దు" రాసేటప్పుడు కలం కాగితాన్ని చింపేసేంత గట్టిగా నొక్కుకుంది. గెలిచింది. ఇంతకాలం దేనికోసం కళ్లల్లో వత్తులేసుకుని చూసిందో అదే జరిగింది. అయినా చేతివేళ్లు కలం చుట్టూ బిగుసుకుని విప్పుకోవడం లేదు.

లోపల ట్రంకుపెట్టె తెరిచిన చప్పుడైంది. అమ్మాజీ వచ్చి కూతురి పక్కన నేల మీద కూర్చుంది. ఒళ్లో కాగితంలో చుట్టిన పాత ఆకుపచ్చ గాజులున్నాయి. వాటిని కింద పెట్టలేదు. ఎడంచేత్తో కలం తీసి పక్కన పడేసి, కుడిచేత్తో వీరవేణి చెయ్యి పట్టుకుంది. బొటనవేలి కింద నొక్కి చూసింది. ఆ చెయ్యి మీద ఆ చెయ్యి పడి పదకొండేళ్లు. వీరవేణికి కళ్లనీళ్లు ఆగలేదు.

అమ్మాజీ ఒక గాజు తీసి వేళ్ల దగ్గర పెట్టి, కాసేపు చూసి, ఎక్కించకుండా ఆగింది.

"ఎంత బిరుసెక్కిపోయిందే అమ్మడూ. ఇలా బిగబట్టుకుంటే గాజెక్కదు. చెయ్యి వదులు" అంది.